పడవను ముంచినవాళ్లకు సన్మానం

మాది టెంట్ హౌస్. షామియానాలు, ప్లాస్టిక్ కుర్చీలు, మైకు సెట్టు, వంట గంజులు, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే ఎర్ర మఖ్మల్ కుర్చీలు. చెన్నూరు చుట్టుపక్కల ఏ ఊళ్లో ఏ శుభకార్యం జరిగినా మా ట్రాలీ ఆటో వెళ్లాల్సిందే. అందుకే సన్మానాల గురించి నాకు తెలిసినంత, అవి చేయించుకున్నవాళ్లకు కూడా తెలియదు. శాలువా కప్పించుకునే మనిషి కళ్లు ముందు ఫోటోగ్రాఫర్‌ను వెతుకుతాయి. కప్పేవాడి కళ్లూ అతన్నే వెతుకుతాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. శాలువా జారుతుంది, మళ్లీ కప్పుతారు, మళ్లీ ఫోటో. తెర పక్కన నిలబడి నేను "ఎప్పుడైపోతుందిరా దేవుడా, కుర్చీలు ఎత్తుకోవాలి" అని విసుక్కుంటూ ఉంటాను.

అలాంటి నేను పోయిన చలికాలం ఒక సన్మానంలో కుర్చీల సంగతే మరిచిపోయి గోదావరి ఒడ్డున చిన్నపిల్లలా నిలబడిపోయాను. ఆ ముచ్చటే ఇది.

మా ఊరు గోదావరికి ఉత్తరపు ఒడ్డున ఉంది. జిల్లాలు విడిపోయి ఇప్పుడు మాది మంచిర్యాల జిల్లా, అవతలిది పెద్దపల్లి జిల్లా అయ్యాయి కానీ, మా నోటికి మాత్రం ఇది ఆదిలాబాద్ ఒడ్డు, అది కరీంనగర్ ఒడ్డు. వంతెన రాకముందు ఈ రెండింటి మధ్యా తిరిగింది మా ఆయన తండ్రి, మా మామ పడవ. మంచి టేకు పలకలతో చేసినది. పెళ్లిబృందాలు, పత్తి బస్తాలు, మేకలు, కొండగట్టుకు పోయే దీక్షాపరులు, పురిటికి తల్లిగారింటికి పోయే ఆడపిల్లలు, అందరూ అందులోనే దాటేవాళ్లు. వంతెన వచ్చాక దాన్నెవరూ ఎక్కలేదు. మా మామ పడవను ఒడ్డుకు గుంజి, బోర్లించి, కొన్నాళ్లు దాని పక్కనే కూర్చుని, తర్వాత చెన్నూరు వెళ్లి షామియానాలు కొనుక్కొచ్చాడు. "మంది‌ని దాటిచ్చుడు పాయె. ఇగ నీడకన్న కూసుండబెడుత" అన్నాడట. మా టెంట్ హౌస్ అలా పుట్టింది. ఆయన పోయాక ఆ పడవ కింద మేకలు పడుకునేవి.

దాన్ని మళ్లీ నీళ్లకు దింపాలని పట్టుపట్టింది మా వదిన. అంటే మా ఆయన అక్క. ఇల్లు మా వీధిలోనే. అంగన్‌వాడీ టీచర్‌గా రిటైరైంది. ఊళ్లో సగం మంది ఆమె పెట్టిన ఉప్మా తిని పెరిగినవాళ్లే కాబట్టి, మీసాలొచ్చినవాళ్లను కూడా చెవి పట్టుకుని పని చేయించగలదు. మాట కటువు. మనసు మెత్తన అని అందరూ అంటారు కానీ, నన్నడిగితే మనసు కూడా కొంచెం కటువే. అయినా ఆమె లేకుండా మా ఇంట్లో పొయ్యి కూడా వెలగదు.

ఇదంతా ఒక హోటల్ వల్ల మొదలైంది. హైవే మీద కొత్తగా హోటల్ కట్టినాయన మా ఊరికి వచ్చి, పడవ చుట్టూ తిరిగి, దాన్ని తన హోటల్ ముందు పెట్టుకుంటానన్నాడు. లోపల పూలకుండీలు, చుట్టూ రంగు బల్బులు. పడవ బోర్లించి ఉన్నది పంచాయతీ జాగాలో. సర్పంచ్‌కు ఆ మాట నచ్చింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. "అక్కా, ఎండకు ఎండుతున్నది, వానకు తడుస్తున్నది. గాడ ఉంటే నలుగురు చూస్తరు గదా" అన్నాడు వదినతో.

"పడవను చూసుడేందయ్యా? ఎక్కాలె గని" అంది వదిన. "మా బాపు పడవల బంతిచెట్లు పెడుతరా? గంత అగ్గువకు వచ్చిందా?"

పంచాయతీ ముందు అరుగు మీద చాలాసేపు వాదన జరిగింది. చివరికి సర్పంచ్ విసిగిపోయి అందరూ వినేలా తేల్చేశాడు. "సరే అక్కా. మీరు బాగుచేసుకోండ్రి. మన్సులను ఎక్కిచ్చుకొని అవతలి ఒడ్డు ముట్టి మళ్ల రావాలె. వచ్చిందా, పడవ ఈడనే ఉంటది. రాలేదా, హోటలాయన తీస్కపోతడు. తర్వాత నన్ను అనద్దు." వదిన కొంగు నడుముకు దోపుకుని ఇంటికి వచ్చేసింది. ఆ నడక చూసి మా ఆయన "ఇగ మన పని అయిపోయింది" అన్నాడు నాతో.

పడవ బాగుచేయడం తెలిసిన మనిషి కావాలి. మా ఊళ్లో ఒకే ఒక్కడున్నాడు. అందరం భాయ్ అంటాం. మస్కట్ అవతల సముద్రపు ఒడ్డున చెక్క ఓడలు బాగుచేసే చోట ఏండ్లకేండ్లు పనిచేసి వచ్చి, ఇప్పుడు బస్టాండు దగ్గర తలుపులు, మంచాలు చేసే దుకాణం పెట్టుకున్నాడు. గొప్పలు చెప్పడంలో ఆయన తర్వాతే ఎవరైనా. "నా జహాజులు ఎంతెంత ఉంటుండెనో ఎరికేనా? మీ చెన్నూరు బస్టాండు దాంట్ల పెట్టి, ఇంక జాగా మిగిలితే చాయ్ హోటల్ పెట్టచ్చు" అనేవాడు. దుకాణానికి మంచం కోళ్ల కోసం వెళ్లినవాడు ఓడ కథ వినకుండా బయటపడడం కష్టం. సగం నమ్మేవాళ్లం, సగం నవ్వుకునేవాళ్లం.

వదిన పిలిస్తే వచ్చి, మా పడవను నాలుగు వైపుల నుంచీ చూసి, పలకలను వేళ్లతో తట్టి, "గిది జహాజు కాదక్కా. జహాజు పిల్ల" అన్నాడు.

"పిల్లనో తల్లినో, తేలుతదా లేదా?"

"అక్కా, గీ చేతులు పెడితే మంచం గూడ తేలుతది."

"మంచం తర్వాత తేలిద్దువు గని, ముందుగాల గిది చూడు" అంది వదిన.

ఆ రోజు నుంచి ఆదివారం వచ్చిందంటే రేవు దగ్గర తిరునాళ్లే. మా ఒడ్డువాళ్లు సరే, వంతెన మీదుగా బండ్లేసుకుని కరీంనగర్ ఒడ్డువాళ్లు కూడా వచ్చేవాళ్లు, తమ తాతలు కూడా ఆ పడవ ఎక్కినవాళ్లేనని. కూలి లేదు, జీతం లేదు. పుచ్చిన పలకలు తీసేసి కొత్త టేకు వేశారు. పలకల సందుల్లో నూనెలో తడిపిన పత్తిని కూరి, పైన కరిగించిన గుగ్గిలం పూయాలి. పత్తికి మా దగ్గర కరువేముంది, అది చేలల్లో తెల్లగా పగిలే కాలం. దాన్ని పొడుగ్గా, గట్టిగా పేనే పని ఎవరు చేయాలన్నప్పుడు వదిన మా వీధి ఆడవాళ్లందరినీ తెచ్చి కూర్చోబెట్టింది. దీపానికి వత్తులు చేసే చేతులే కదా. మేం తొడ మీద పెట్టి పేనుతుంటే భాయ్ ఒక్కొక్కటి లాగి చూసేవాడు. "అమ్మా, గింత సన్నగనా? గిది దీపానికి గాదు, దర్యాల నీళ్లకు!" అని మొత్తుకునేవాడు. మేం కావాలని ఇంకా సన్నగా పేని ఇచ్చేవాళ్లం, ఆయన మొత్తుకోవడం వినడానికి. నవ్వి నవ్వి పొట్టలు నొచ్చేవి. పెళ్లయి ఇన్నేళ్లయినా ఈ ఊరి ఆడవాళ్లతో నేనంత నవ్వింది ఆ ఆదివారాల్లోనే.

ఈ సంగతి ఎలా పాకిందో, పాత కట్టడాలనూ పాత పనిముట్లనూ కాపాడేవాళ్లను ఏటేటా సన్మానించే ఒక సంఘంవాళ్లు వచ్చారు. అధ్యక్షుడు కరీంనగర్‌లో హెడ్మాస్టర్‌గా చేసి రిటైరైన పెద్దాయన. పడవ చుట్టూ తిరిగి చూసి, "సముద్రం దగ్గరివాళ్ల ఓడలకు మ్యూజియాలుంటయి. మన గోదావరి మీద ఇంత రాకపోక నడిస్తె గుర్తుకు ఒక్క తెడ్డన్న మిగలలేదు. మీ అందరికీ ఈ రేవుల్నే సన్మానం చేస్తం" అన్నాడు. సర్పంచ్ వెంటనే అందుకున్నాడు. పడవ దాటి రావాల్సింది కూడా ఆ రోజే అని నిర్ణయించాడు.

సభ ఎక్కడ అన్నది తేలడానికి మాత్రం పెద్ద గొడవైంది. పడవ రెండు ఒడ్లదీ, మరి స్టేజీ ఎవరిది? చివరికి స్టేజీ మాకు, సాపాటు వాళ్లకు అని ఒప్పందమైంది. సన్మానం ఈ ఒడ్డున, బగార అన్నం ఆ ఒడ్డున. నాకు కోపమొచ్చింది. అన్నం కోసం వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవాలా అన్నాను. వదిన కన్ను గీటింది. "పిల్లా, పడవ మీద అనుమానమున్నోడు గూడ ఆకలైతె ఎక్కుతడు. ఎక్కనియ్యి."

సన్మానం ఇంకో రెండు మూడు రోజులుందనగా పొద్దున్నే పడవను రేవులోకి దింపారు. దింపి, ఇసుక బస్తాలు వేసి, ముంచేశారు. ముక్కు ఒక్కటే నీళ్ల పైకి కనిపించేలా నిండా ముంచారు. ఏండ్ల తరబడి ఎండలో ఎండిన కట్టె కదా, నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఉబ్బితే పలక పలకను ఒత్తుకుని సందులు మూసుకుంటాయి. మామ బతికున్నప్పుడు ప్రతి ఏడూ అలాగే ముంచేవాడని వదిన చెప్పింది. భాయ్ ఓడల దగ్గరా అదే పద్ధతి. ముంచాలా వద్దా అన్న మాటే రాలేదు. ఎన్నాళ్లు ముంచాలన్న దాని మీద మాత్రం ఇద్దరూ గంటసేపు కొట్లాడుకున్నారు. మేం ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒడ్డున ఉన్న ఊరికి ఆ మాత్రం తెలియదా అనుకున్నాం.

తెలియదు. వంతెన వచ్చాక పుట్టినవాళ్లకు పడవను ముంచడం ఎలా తెలుస్తుంది? అటుగా బండి మీద పోతున్న ఒకడు, నీళ్లలోంచి ముక్కు మాత్రం కనిపిస్తున్న పడవనూ, దాని చుట్టూ తడిబట్టలతో నిలబడ్డ మమ్మల్నీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. "రేవుల పడవ మునిగింది" అని ఒక్క ముక్క రాశాడు. ఇక చూడండి. గల్ఫ్‌లో పనికి పోయిన మా ఊరి పిల్లలవి, షార్జా నుంచి ఫోను, దోహా నుంచి ఫోను. "అత్తా, అందరు మంచిగున్నరా? ఎవరన్న పోయిన్రా?" మా ఆయన ఫోను పెట్టేలోపు ఇంకోటి. పక్క ఊరివాళ్లు ట్రాక్టర్ ట్యూబులు, తాళ్లు పట్టుకుని వచ్చారు. అవతలి ఒడ్డువాళ్లు సన్మానం లేదనుకుని బగారకు తెచ్చిన బియ్యం తిప్పి పంపేశారు. షామియానా కాన్సల్ చేసుకోమని నాకే ఎవరో చెప్పారు. హోటలాయన క్రేన్ పంపుతానని సర్పంచ్‌కు ఫోన్ చేశాడట.

నేను వదిన ఇంటికి పరిగెత్తాను. అక్కడ గడప దగ్గర చెప్పులే చెప్పులు. ఆడవాళ్లంతా వచ్చి, చావు జరిగిన ఇంట్లో కూర్చున్నట్టు చాప మీద కూర్చుని నిట్టూరుస్తున్నారు. ఒకామె కళ్లు ఒత్తుకుంటూ "ఏం జేస్తం అక్కా, అంత మనం అనుకున్నట్టు అయితదా?" అంటోంది. మధ్యలో వదిన, చేటలో బియ్యం ఏరుతూ, ఏం జరుగుతోందో అర్థంకాక నోరు తెరుచుకుని చూస్తోంది.

అంతలో సర్పంచ్ వచ్చాడు. "గట్ల ఎట్ల మునిగిందక్కా?" అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది.

వదిన లేచి నిలబడింది. చేట కింద పడింది. "ఎవడన్నడు మునిగిందని? మునగలే! నేనే ముంచిన!"

"ముంచినవా?" సర్పంచ్ తల పట్టుకున్నాడు. "సన్మానం పెట్టుకొని ముంచుతరా అక్కా ఎవరన్న?"

నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే, లోపల ఎక్కడో చివుక్కుమంది. ఒక ఊరు ఊరంతా ఇంత దగ్గరగా గోదావరి పక్కన బతుకుతూ దాని సంగతి ఇంతగా మరిచిపోయింది కదా అని బాధేసింది. వదినకు నాలాంటి బాధలు పడే తీరిక లేదు. ఏడవడానికి వచ్చినవాళ్లందరినీ, సర్పంచ్‌తో సహా, రేవుకు తోలుకుపోయింది. బట్టలు ఎగ్గట్టుకుని నీళ్లలో దిగమంది. తన అంగన్‌వాడీ పిల్లలకు అక్షరాలు దిద్దించినట్టు ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని, నీళ్ల అడుగున పలకల సందు మీద పెట్టించింది. "మొన్న గీడ గోరు పోతుండె. ఇప్పుడు పెట్టు. పోతుందా? పోతలేదు గదా? కట్టె నీళ్లు తాగుతున్నది. తాగనియ్యుండ్రి, దాహమైంది దానికి." సర్పంచ్ మోచేతి దాకా ముంచి తడిమి చూసి, ఒడ్డెక్కి, బియ్యం మళ్లీ తెప్పించమని అవతలికి ఫోన్ చేశాడు. పోయేముందు మాత్రం వదిన వైపు తిరిగి, "మాట మాటనే అక్కా. దాటి రావాలె" అన్నాడు.

సన్మానం రోజు పొద్దున రెండు ఒడ్లూ జనంతో నిండిపోయాయి. పడవ మునిగిందన్న పుకారు మాకు మంచే చేసింది. సన్మానమంటే రానివాళ్లు కూడా మునిగిన పడవ ఎలా తేలుతుందో చూడాలని వచ్చారు. నా షామియానా, నా కుర్చీలు, నా మైకు అన్నీ తయారు. ఇసుక బస్తాలు తీసేశారు. పడవలో నీళ్లు తోడడానికి బకెట్లు చాలక నా వంట గంజులు కూడా పోయాయి. నీళ్లు తగ్గేకొద్దీ పడవ అంచులు పైకి లేచాయి. కొంచెం కొంచెంగా లేచి, మెల్లగా పక్కకు ఊగింది. ఊగగానే జనం ఒక్కసారిగా అరిచారు. నేనూ అరిచాను. చేతిలో మైకు ఆన్‌లో ఉందని చూసుకోలేదు.

అంతా తోడేశాక భాయ్ లోపల మోకాళ్ల మీద కూర్చుని అడుగు పలకల మీద అరచేయి పెట్టుకుంటూ పోయాడు. ఒక చోట ఆగాడు. నీళ్లలో మునగని పడవ ముక్కు దగ్గర ఒక సందులోంచి నీళ్లు ఉబుకుతున్నాయి. వదిన మొహం చూశాను. ఎప్పుడూ ఎవరినో ఒకరిని తిట్టే ఆ నోరు గట్టిగా మూసుకుని ఉంది. ఆమె చెయ్యి నా చెయ్యిని పట్టుకుంది, నొప్పి పుట్టేంత గట్టిగా. పడవ పోతే ఈమె ఏమైపోతుందో అని అప్పుడు నిజంగా భయమేసింది నాకు.

"వత్తి!" అని అరిచాడు భాయ్. "మంచి లావు వత్తి!" మా వీధి ఆడవాళ్లు ఉన్నపళంగా అక్కడే ఒడ్డు మీద కూర్చుని పత్తి పేనారు. ఈసారి ఎవరూ ఆటపట్టించలేదు. నూనెలో ముంచి ఇస్తే ఆయన ఉలితో, సుత్తితో దాన్ని సందులోకి కొట్టి, దాని మీద అరచేయి ఆన్చి కళ్లు మూసుకున్నాడు. చాలాసేపటికి చెయ్యి తీసి, దాన్ని పైకెత్తి చూపించాడు. పొడిగా ఉంది.

మా ఆయన పడవ నడిపే వెదురు గడ అందుకున్నాడు. వదిన, భాయ్, సర్పంచ్, హెడ్మాస్టర్ గారు, రెండు ఒడ్ల పెద్దలూ కొందరు ఎక్కారు. హోటలాయన కూడా వచ్చాడు, ఒడ్డునే నిలబడ్డాడు. పడవ కదిలింది. మైకులో ఏదైనా చెప్పమని అందరూ నన్ను పొడుస్తున్నారు. ఏం చెప్పను? మొగుడు నీళ్ల మీదున్నాడు, కళ్లు వాళ్ల మీదే ఉన్నాయి. "పోతున్నది... పోతున్నది" అని మాత్రం అన్నాను. నడి ఏటిలో కాస్త పక్కకు తిరిగింది, మా ఆయన గడ వేసి సరిచేశాడు. మా మామ కొడుకే కదా, చేతులకు ఆ పని మరుపు రాలేదు. అవతలి ఒడ్డు ముట్టగానే అటు నుంచి డప్పులు వినిపించాయి. ఎవరూ దిగకుండానే చెయ్యి చాపి అక్కడి మట్టిని ముట్టి, మళ్లీ తిరిగి వచ్చారు. పడవ మా రేవు ఇసుకకు తగలగానే సర్పంచ్ దూకి, నా చేతిలో మైకు లాక్కుని, "పడవ మన ఊరిదే!" అన్నాడు.

"రెండూర్లది" అంది వదిన వెనుక నుంచి. సర్పంచ్ దిద్దుకుని మళ్లీ చెప్పాడు. రెండు ఒడ్లూ ఈలలు వేశాయి. వదిన ఇసుకలో కూర్చుండిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను పక్కన కూర్చుంటే, "ఏం చూస్తున్నవే, పో, స్టేజీ చూసుకో" అని తిట్టింది. ఆ తిట్టు వినగానే నా ప్రాణం కుదుటపడింది.

స్టేజీ మీద హెడ్మాస్టర్ గారు శాలువాలు పట్టుకుని నిలబడ్డారు. మొదటి శాలువా భాయ్‌కే కప్పాలని వదిన ముందే చెప్పి ఉంచింది. మైకులో పిలిచాం. రాలేదు. మళ్లీ పిలిచాం. చూస్తే, అందరూ దిగిపోయిన పడవలో ఆయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు, రెండు చేతులతో అంచు పట్టుకుని.

వదిన నీళ్ల దాకా పోయింది. "ఏంది భాయ్, దిగవా? నువ్వు చేసిన గొప్పలన్ని మైకుల చెప్పుకునే దినం గిదే గదా, రా!"

ఆయన దిగలేదు. మైకు అక్కర్లేకుండానే ఆ గొంతు మా అందరికీ వినపడింది. "అక్కా, గా దేశంల ఎన్ని జహాజులు బాగుచేసిన్నో నాకే యాదికి లేదు. బాగైనంక మాలిక్ ఎక్కేటోడు, అవి సముద్రంలకు పోయేటియి. మేము ఒడ్డు మీద నిలబడి చేతులూపేటోళ్లం. నేను చేసిన దాంట్ల నేను కూసునుడు గియ్యాల్నే. జర కూసోనియ్యక్కా."

హెడ్మాస్టర్ గారు శాలువా తీసుకుని స్టేజీ దిగి, చెప్పులు విడిచి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలోకి నడిచారు. పడవ పక్కన నిలబడి భాయ్ మొహంలోకి చూస్తూ ఆయన భుజాల మీద దాన్ని కప్పారు. ఫోటోగ్రాఫర్ ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఎక్కడానికి ఎగబడుతున్న జనాన్ని వదిన రెండు చేతులూ చాపి ఆపేసింది. "ఎవ్వరు ఎక్కద్దు. గీ దఫా ఆయనొక్కడే పోతడు" అని, తమ్ముడి వైపు తిరిగి "పోనియ్యిరా" అంది.

మా ఆయన గడ వేశాడు. పడవ నడి ఏటి దాకా వెళ్లాక భాయ్ వెనక్కి తిరిగి మా వైపు చూశాడు. మేమంతా, వదిన, సర్పంచ్, హోటలాయన, నేను, ఒడ్డు మీద నిలబడి ఆయనకు చేతులూపాం.